స్ట్రెస్ ఎకో రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు? ఒడిశాలో పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఉన్న తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

మెట్లెక్కితే ఛాతీలో బరువు, నిలబడితే తగ్గిపోతుంది. డాక్టరు ఈసీజీ తీశారు, బాగుంది. టూడీ ఎకో తీశారు, పంపింగ్ 60 శాతం అన్నారు. అయినా స్ట్రెస్ ఎకో (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె వేగం పెంచి, ఆపిన వెంటనే గుండె బొమ్మలు తీసే పరీక్ష) చేయించుకోమని బరంపురానికో విశాఖపట్నానికో రాసి పంపారు. ఇంట్లో వెంటనే వచ్చే ప్రశ్న, "ఎకో బాగుందన్నారు కదా, మళ్లీ ఎందుకు?" రిపోర్టు చేతికొచ్చాక ఇంకో ప్రశ్న, "నార్మల్ అని రాశారు, ఇక భయం లేనట్టేనా?"

ఈ రెండో ప్రశ్నకు జవాబు రిపోర్టు చివరి వాక్యంలో దొరకదు. గుండె ఎంత వేగం దాకా వెళ్లింది, నడక ఆపాక ఎన్ని సెకన్లలో బొమ్మలు తీశారు, ఆ బొమ్మల్లో గుండె గోడలు ఎంత స్పష్టంగా కనిపించాయి అనే మూడు సంగతులు తెలిస్తేనే "నార్మల్" అన్న మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది. పరీక్షకు వెళ్లేవాళ్లు, వాళ్లను పంపే ఊరి డాక్టర్లు, ఎకో గదిలో పనిచేసే సిబ్బంది ఈ మూడింటినీ ఎలా కాపాడుకోవాలో కింద వరుసగా ఉంది.

ముందుగా ఒక హెచ్చరిక. కూర్చున్నా తగ్గని ఛాతీ నొప్పి, చెమటలు, స్పృహ తప్పినట్టవడం ఉన్నా, లేదా కొద్ది రోజులుగా నొప్పి ఎక్కువవుతూ తక్కువ శ్రమకే వస్తున్నా స్ట్రెస్ ఎకో జోలికి వెళ్లకూడదు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. అపాయింట్‌మెంటు ఎల్లుండి ఉంది కదా అని రాయగడలోనో గుణుపురంలోనో రైలు కోసం ఆగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

కూర్చున్నప్పుడు బాగున్న గుండె నడిస్తే ఎందుకు మారుతుంది

గుండెకు రక్తం తెచ్చే కరోనరీ నాళం 70 శాతం మూసుకున్నా, మనిషి కుదురుగా ఉన్నంతసేపు ఆ గోడకు కావలసినంత రక్తం అందుతూనే ఉంటుంది. అందుకే మామూలు టూడీ ఎకో బాగుందంటే నాళాల్లో అడ్డంకులు లేవని కాదు. గుండె కండరం ఇప్పటిదాకా దెబ్బతినలేదని మాత్రమే అర్థం.

నడిచినప్పుడు గుండె వేగం, బీపీ పెరుగుతాయి. కండరానికి ఎక్కువ రక్తం కావాలి. సన్నబడిన నాళం దాన్ని ఇవ్వలేదు. అప్పుడు జరిగేదానికి ఒక వరుస ఉంది. మొదట ఆ భాగానికి రక్తం తగ్గుతుంది. తరువాత గుండె సడలడం మందగిస్తుంది. ఆ పైన ఆ గోడ ముడుచుకోవడం తగ్గుతుంది. ఈసీజీలో మార్పు ఆ తరువాతి మాట, నొప్పి అన్నిటికన్నా చివర. స్ట్రెస్ ఎకో పట్టుకునేది గోడ ముడుచుకోకపోవడాన్ని. ఈసీజీ ఒక్కటే చూసే మామూలు ట్రెడ్‌మిల్ పరీక్ష కన్నా ఇది ఒక మెట్టు ముందే పట్టుకోగలదు. పైగా ఏ గోడ అన్నది చూసి ఏ నాళమో అంచనా వేయొచ్చు. ముందు గోడ, కొన భాగం అయితే ఎడమ ముందు నాళం. కింది గోడ అయితే ఎక్కువమందిలో కుడి నాళం. పక్క గోడ అయితే సర్కమ్‌ఫ్లెక్స్.

చిక్కు ఎక్కడంటే, నడక ఆపగానే గుండెకు శ్రమ తగ్గి రక్తం మళ్లీ సరిపోతుంది. పొయ్యి మీంచి దించిన పాల పొంగు అణిగినట్టు, తేలికపాటి అడ్డంకి వల్ల వచ్చిన లోపం ఒకటి రెండు నిమిషాల్లో మాయమైపోవచ్చు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తుండగా ఛాతీ మీద ప్రోబ్ (బొమ్మ తీసే చేతి పరికరం) పెట్టి సరైన బొమ్మలు తీయలేం కాబట్టి, ఆపిన తరువాతి 60 సెకన్లలో, ఎంత ఆలస్యమైనా 90 సెకన్లలో తీయాల్సిందే. ఈ పరీక్షకు బలం ఎంతో బలహీనత ఎంతో ఆ ఒక్క నిమిషం తేలుస్తుంది.

ఎవరికి ఈ పరీక్ష పనికొస్తుంది, ఎవరికి తికమక పెడుతుంది

1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం నడక తరువాతి ఎకో నాళాల జబ్బు ఉన్న 100 మందిలో 85 మందిని పట్టుకుంది. జబ్బు లేని 100 మందిలో 77 మందికి లేదని చెప్పగలిగింది. అంతకుముందు 1989లో ఈసీజీ ట్రెడ్‌మిల్ మీద వచ్చిన విశ్లేషణలో ఈ అంకెలు 68, 77. అంటే స్ట్రెస్ ఎకో మెరుగే, కానీ తిరుగులేనిది కాదు.

ఈ అంకెలు మీకు ఎలా వర్తిస్తాయన్నది పరీక్షకు ముందే మీలో జబ్బు ఉండే అవకాశం ఎంతో దాన్ని బట్టి మారిపోతుంది. లెక్క వేసి చూద్దాం.

షుగరు, పొగ అలవాటు లేకుండా అప్పుడప్పుడూ సూది గుచ్చినట్టు నొప్పి వచ్చే 35 ఏళ్ల ఆడవాళ్లలో జబ్బు 100కి 10 మందికి ఉందనుకుందాం (నిజానికి ఇంకా తక్కువే ఉంటుంది). పరీక్ష ఆ 10 మందిలో 8 లేక 9 మందిని పట్టుకుంటుంది. కానీ జబ్బులేని 90 మందిలో 21 మందికి కూడా పాజిటివ్ అని చూపుతుంది. పాజిటివ్ వచ్చిన 30 మందిలో 21 మందికి అది తప్పుడు భయమే.

ఇప్పుడు 62 ఏళ్ల మగవాళ్లను తీసుకుందాం. పదేళ్లుగా షుగరు, చుట్ట అలవాటు, గట్టు ఎక్కగానే ఛాతీ పట్టేయడం, ఆగితే తగ్గడం. వీళ్లలో 100కి 90 మందికి జబ్బు ఉందనుకుంటే, పరీక్ష నెగెటివ్ అని చెప్పేది సుమారు 21 మందికి. వాళ్లలో 13, 14 మందికి జబ్బు ఉంటుంది! లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్న మనిషిని నెగెటివ్ రిపోర్టు చేతిలో పెట్టి ఇంటికి పంపకూడదు. ఆయన నేరుగా యాంజియోగ్రాం గురించి గుండె డాక్టరుతో మాట్లాడాలి.

పరీక్ష బాగా పనికొచ్చేది ఈ రెండు కొసల మధ్య ఉన్నవాళ్లకు, అంటే ఉందో లేదో సగం సగం అనిపించేవాళ్లకు. ఇంకో మంచిమాట కూడా ఉంది. గుండె వేగం సరిపడా పెరిగేదాకా నడిచి, మంచి బొమ్మల మీద నార్మల్ వస్తే, ఆ మనిషికి ఏడాదిలో గుండెపోటు లేదా గుండెజబ్బు మరణం వచ్చే అవకాశం సాధారణంగా 1 శాతం కన్నా తక్కువ. షుగరు ఉన్నవాళ్లలో, పెద్ద వయసు వాళ్లలో ఈ భరోసా కొంత తగ్గుతుంది.

మొదటి అడుగు: ఊరు కదిలే ముందే చూసుకోవాల్సినవి

బీపీకి, గుండె దడకు వాడే మాత్రల పేర్లు చూడండి. అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, డిల్టియాజెమ్, వెరపామిల్ గుండె వేగాన్ని పెరగనీయవు. అవి వేసుకుని నడిస్తే వేగం చాలక జబ్బు దాక్కుంటుంది. జబ్బు ఉందో లేదో తేల్చడానికే పరీక్ష అయితే వీటిని సాధారణంగా 24 నుంచి 48 గంటల ముందు ఆపిస్తారు. ఆపమని చెప్పాల్సింది రాసిన డాక్టరే, మీకు మీరు ఆపేయకూడదు. బీటా బ్లాకరును ఒక్కసారిగా మానితే నొప్పి, బీపీ ఎగదన్నొచ్చు. ఇదివరకే జబ్బు తేలినవాళ్లకు మందులు ఎంత కాపాడుతున్నాయో చూడాలంటే మాత్రలు వేసుకునే చేయిస్తారు. ఏ ఉద్దేశంతో చేస్తున్నారో చీటీ మీద రాయించుకోండి. ఊరి డాక్టరు ఒక మాట, అక్కడి ల్యాబు వాళ్లు ఇంకో మాట చెప్పి, మాత్ర వేసుకుని వెళ్లిన మనిషికి సగం పరీక్ష చేసి పంపడం చాలా జరుగుతుంది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు సికిల్ సెల్ జబ్బు తరచుగా కనబడుతుంది, ఆడవాళ్లలో రక్తహీనత ఇంకా ఎక్కువ. రక్తం బాగా తక్కువగా ఉంటే గుండె ముందే పరుగెడుతుంటుంది. నాలుగడుగులకే అనుకున్న వేగం వచ్చేస్తుంది, కాళ్లు మాత్రం అసలు శ్రమ పడి ఉండవు. "టార్గెట్ అందింది" అని రాసినా ఆ మాటకు విలువ ఉండదు. ఆయాసానికి కారణం రక్తహీనతే కావచ్చు కూడా. సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. నీళ్లు తగ్గి ఒళ్లు ఎండిపోయిన స్థితిలో తీవ్రమైన శ్రమ వాళ్లకు మంచిది కాదు.

రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లి పొద్దున్నే ట్రెడ్‌మిల్ ఎక్కితే కాళ్లు త్వరగా చేతులెత్తేస్తాయి. గుండె అలసిపోకముందే మనిషి ఆగిపోతే పరీక్ష అసంపూర్తి. వీలుంటే ముందురోజు సాయంత్రానికి చేరుకుని పడుకోండి. పాత ఈసీజీ, ఎకో రిపోర్టులు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీ ఒక సంచీలో పెట్టుకోండి. ఆరోగ్య కార్డు మీద ఈ పరీక్ష చేస్తారో లేదో ముందే ఫోనులో అడగండి. రాష్ట్రం దాటి విశాఖ వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

రెండో అడుగు: ఆ రోజు పొద్దున

పరీక్షకు 3, 4 గంటల ముందు నుంచి తినకండి, గుటకెడు నీళ్లు ఫరవాలేదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మానేసి మందు మాత్రం పూర్తిగా తీసుకుంటే నడుస్తుండగా షుగరు పడిపోతుంది. ఆ రోజు మోతాదు ఎంతో ముందే అడిగి రాయించుకోవాలి. గుడాకు, ఖైనీ, చుట్ట, సిగరెట్ ఏదీ ఆ పొద్దున ముట్టకండి. నడవలేనివాళ్లకు అడినొసిన్ లేదా డైపిరిడమోల్ మందుతో చేసే పరీక్ష అయితే టీ, కాఫీ కనీసం 12 గంటల ముందే మానాలి, కొన్నిచోట్ల 24 గంటలు అంటారు.

ఛాతీకి నూనె, పౌడరు రాసుకోకండి, ఈసీజీ అతుకులు ఊడిపోతాయి. మగవాళ్లకు అతుకులు అంటించే చోట వెంట్రుకలు తీస్తారు. చీరతోనూ లుంగీతోనూ ట్రెడ్‌మిల్ ఎక్కడం ప్రమాదం. ఆడవాళ్లకు చుడీదారు, ముందువైపు తెరుచుకునే చొక్కా సౌకర్యం. పాదాన్ని పట్టి ఉంచే బూట్లు తెచ్చుకోవాలి, హవాయి చెప్పులతో వేగం అందుకోలేరు. ప్రోబ్ ఎడమ రొమ్ము కింద గట్టిగా నొక్కి పెడతారు కాబట్టి గదిలో ఆడమనిషి ఉండాలని ముందే అడగడానికి మొహమాటపడకండి. మొహమాటంతో ఒళ్లు బిగబట్టుకుంటే బొమ్మ రాదు.

మూడో అడుగు: నడకకు ముందు బొమ్మలు

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జెల్లీ రాసి నాలుగు బొమ్మలు తీస్తారు. ఛాతీ ఎముక పక్కనుంచి నిలువు కోత, అడ్డ కోత, గుండె కొన వైపు నుంచి నాలుగు గదులు, రెండు గదులు. మూడు గదుల బొమ్మ కూడా తీస్తే ఇంకా మంచిది. ఇవి నామకార్థం తీసేవి కావు. నడక తరువాతి బొమ్మలను వీటి పక్కన పెట్టి పోల్చాలి కాబట్టి ఇక్కడ కోత తప్పితే అక్కడ పోలికే తప్పుతుంది.

గుండె గోడలో పక్కపక్కనే ఉన్న రెండు మూడు భాగాలు మసగ్గా ఉంటే ఇక్కడే ఆగి నిర్ణయం తీసుకోవాలి. గుండె గదిని నింపి అంచులు స్పష్టంగా చూపే ఎకో కాంట్రాస్టు ఇంజెక్షన్ ఉంటే వాడాలి. లేకపోతే పరీక్షనే మార్చాలి. లావుగా ఉన్నవాళ్లలో, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో ఇది మామూలే. నడవకముందే కనిపించని గోడ రొప్పుతున్నప్పుడు అసలే కనిపించదు. 1996లో ఐదు కేంద్రాల నిపుణులు ఒకే స్ట్రెస్ ఎకో బొమ్మలను విడివిడిగా చదివారు. బొమ్మ బాగున్నప్పుడు మాట కలిసింది, నాణ్యత తగ్గినకొద్దీ ఎవరి మాట వాళ్లదైంది. చదివేవాళ్లు ఎంత గొప్పవాళ్లైనా బొమ్మ బాగుంటేనే నిలబడే పరీక్ష ఇది.

ఎకో తీసేవాళ్లకు: బొమ్మ బాగా దొరికిన చోట చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టండి, తరువాత వెతుకులాట 10, 15 సెకన్లు మిగులుతుంది. ఈసీజీ అతుకులు ఆ కిటికీలను వదిలి అంటించండి. లోతు, కోణం నడక తరువాత మార్చకండి. హార్మోనిక్ ఇమేజింగ్ ఆన్‌లో ఉండాలి. సెక్టారు సన్నం చేసి ఫ్రేముల వేగం పెంచండి. గుండె వేగం నిమిషానికి 140 ఉన్నప్పుడు ఒక్కో కొట్టుకు పట్టేది 0.43 సెకను. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక కొట్టుకు దక్కేవి 13 మాత్రమే, అందులో ముడుచుకునే భాగానికి సగం కూడా రావు.

నాలుగో అడుగు: ట్రెడ్‌మిల్ మీద

ఎక్కువచోట్ల వాడేది బ్రూస్ పద్ధతి. ప్రతి 3 నిమిషాలకు వేగం, ఎత్తు పెరుగుతాయి. మొదటి దశ గంటకు 2.7 కి.మీ., 10 శాతం వాలు. రెండోది 4 కి.మీ., 12 శాతం. మూడోది 5.5 కి.మీ., 14 శాతం. నాలుగోది 6.7 కి.మీ., 16 శాతం, ఇక్కడ చాలామంది పరుగందుకుంటారు. పెద్దవాళ్లకు వాలు లేకుండా మొదలయ్యే మార్పుచేసిన బ్రూస్ అడగొచ్చు.

నిమిషానికి ఎన్ని కొట్ల గుండె వేగం చేరాలో లెక్క: 220 నుంచి వయసు తీసేసి, వచ్చినదానిలో 85 శాతం. 50 ఏళ్లకు 145, 60 ఏళ్లకు 136. ఇది కనీస గీత, ఆగాల్సిన గీత కాదు. ఈ సూత్రం మనిషికీ మనిషికీ 10, 12 అటూ ఇటూ తేడా వస్తుంది కాబట్టి, 85 శాతం రాగానే ఆపేసే ల్యాబులో కొందరి గుండెకు చాలినంత శ్రమే అందదు. "ఇక నా వల్ల కాదు" అనేదాకా నడవాలి. కొండవాలు పొలాల్లో రోజూ పనిచేసేవాళ్లకు రెండు దశలు నడకలా కూడా అనిపించవు. వాళ్లకు నాలుగో దశ దాకా వెళ్తేగానీ వేగం ఎక్కదు, మధ్యలో సమయం చాలదని దించేస్తే పరీక్ష చేయనట్టే.

ట్రెడ్‌మిల్ ఎప్పుడూ ఎక్కనివాళ్లు ముందు ఒక నిమిషం నెమ్మదిగా నడిపించి చూపమని అడగండి. కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడితే కాళ్ల మీద బరువు తగ్గిపోతుంది. యంత్రం మాత్రం పూర్తి శ్రమ చేసినట్టు లెక్క రాస్తుంది. వేళ్ల కొసలు ఆనిస్తే చాలు.

ఛాతీలో బరువు, దవడకో చేతికో లాగడం, కళ్లు తిరగడం, నడక తడబడడం, ఏది వచ్చినా వెంటనే చెప్పాలి. నొప్పి దాచుకుని నడవడం వీరత్వం కాదు. బీపీ పెరగాల్సింది పోయి పడిపోతున్నా, ప్రమాదకరమైన లయ కనిపించినా, పై బీపీ 250 దాటినా డాక్టరు ఆపేస్తారు. ఈ గదిలో డాక్టరు, షాక్ ఇచ్చే యంత్రం, అత్యవసర మందులు ఉండి తీరాలి. జాగ్రత్తగా మనుషులను ఎంచుకున్నప్పుడు ప్రాణాపాయం సుమారు 10,000 పరీక్షల్లో ఒకటి అంటారు. ఆ ఎంపిక కోసమే ఇటీవలి గుండెపోటు, లక్షణాలున్న తీవ్రమైన అయోర్టిక్ వాల్వు సన్నబాటు, అదుపు తప్పిన గుండె వైఫల్యం, గుండె కండరం వాపు లాంటివి ముందే అడుగుతారు.

ఐదో అడుగు: ఆ 60 సెకన్లు

మామూలు ట్రెడ్‌మిల్ పరీక్షలో చివర నెమ్మదిగా ఒకటి రెండు నిమిషాలు నడిపిస్తారు. ఇక్కడ అలా చేయకూడదు. బెల్టు ఆగీ ఆగగానే మంచం మీదికి, ఎడమ పక్కకు, చెయ్యి తల కిందికి. మంచం ట్రెడ్‌మిల్‌కు రెండడుగుల్లో ఉండాలి. మామూలు మనిషిలో పడుకున్న మొదటి నిమిషంలోనే గుండె వేగం 18 పైన పడిపోతుంది. 150తో దిగినవాళ్లకు రెండు నిమిషాలు పోతే 110, 120 దగ్గర బొమ్మ తీస్తున్నామన్నమాట. అది శ్రమలో ఉన్న గుండె బొమ్మ కాదు.

దిగగానే ఏం చేయాలో నడకకు ముందే ఒకసారి రిహార్సల్ చేయించాలి. ఎటు తిరగాలి, ఎక్కడ చెయ్యి పెట్టాలి, "ఊపిరి వదిలి ఆపండి" అంటే ఎంతసేపు ఆపాలి. రొప్పుతున్నప్పుడు ఉబ్బిన ఊపిరితిత్తి గుండెకు అడ్డం వస్తుంది. ఊపిరి పూర్తిగా వదిలి రెండు మూడు సెకన్లు ఆపితే ఒక మంచి బొమ్మ దక్కుతుంది. సిబ్బంది ఒడియాలో చెప్తే అర్థంకాక తడబడే పెద్దవాళ్లు ఉంటారు. ఇంట్లోవాళ్లు ఒకరు తలుపు దగ్గర నిలబడి తెలుగులో చెప్పేలా ముందే అనుమతి తీసుకోండి. పోయిన 20 సెకన్లు మళ్లీ రావు.

ఎకో తీసేవాళ్లకు: పని ఇద్దరిది. ఒకరు ట్రెడ్‌మిల్, ఈసీజీ, బీపీ చూస్తుంటే రెండోవారు చేతిలో ప్రోబ్‌తో మంచం దగ్గర సిద్ధంగా ఉండాలి. బెల్టు ఆగిన క్షణం నుంచి తెర మీద గడియారం నడపండి. ఒక్కొక్క కొట్టుకు ఒక్కో మీట నొక్కకుండా వరుసగా రికార్డు చేస్తూ పోండి, మంచి కొట్టును తరువాత ఎంచుకోవచ్చు. అనుమానం ఏ గోడ మీద ఉందో ఆ బొమ్మ ముందు తీయండి. అందరికీ ఒకటే వరుస పాటించేవాళ్లు ఎక్కువే గానీ, ముందు గోడ మీద అనుమానం ఉన్న మనిషికి కొన బొమ్మలను చివరికి నెట్టడం తగదు. హడావిడిలో ప్రోబ్ కొంచెం పైకి జారితే గుండె పొట్టిగా కనబడుతుంది, అసలు కొన తెర మీదే ఉండదు, అక్కడి లోపం తప్పించుకుపోతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఆరో అడుగు: బొమ్మలు చదవడం

విశ్రాంతి బొమ్మ, నడక తరువాతి బొమ్మ పక్కపక్కన పెట్టి, ఒకే వేగంతో తిప్పుతూ చూస్తారు. గుండె ఎడమ గదిని 16 లేదా 17 ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి అంకె ఇస్తారు. బాగా ముడుచుకుంటే 1, తగ్గితే 2, అసలు కదలకపోతే 3, ఎదురు ఉబ్బితే 4. మొత్తాన్ని ముక్కల సంఖ్యతో భాగిస్తే సూచిక వస్తుంది. అన్నీ బాగుంటే 1.0. 16 ముక్కల్లో మూడు మందగిస్తే 19ని 16తో భాగించి 1.19.

చూడాల్సింది గోడ ఎంత కదిలిందని కాదు, ఎంత మందమైందని. పక్క గోడ లాగితే చచ్చిన గోడ కూడా కదులుతుంది, కానీ మందం కాదు. బైపాస్ ఆపరేషన్ అయినవాళ్లలో, ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలో విద్యుత్తు వెళ్లే ఎడమ దారిలో అడ్డంకి) ఉన్నవాళ్లలో, పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో నడుమ గోడ ఎప్పుడూ వింతగానే కదులుతుంది. వాళ్లకు మందం ఒక్కటే ఆధారం.

ఆరోగ్యమైన గుండె నడక తరువాత చిన్నదవుతుంది, పంపింగ్ పెరుగుతుంది. గది చిన్నదవ్వాల్సింది పోయి పెద్దదైతే ఏ ఒక్క గోడా విడిగా చెడినట్టు అనిపించకపోయినా అది పెద్ద హెచ్చరిక. మూడు నాళాలూ ఒకేసారి మూసుకుపోతుంటే గోడలన్నీ సమానంగా మందగించి, పోల్చడానికి బాగున్న గోడ దొరకదు. అలాంటప్పుడు గది పరిమాణమే బయటపెడుతుంది.

ఏడో అడుగు: రిపోర్టు చేతికొచ్చాక

చివరి వాక్యం చదివే ముందు ఇవి ఉన్నాయో లేదో వెతకండి:

- నడిచిన పద్ధతి, నిమిషాలు, మెట్స్ (METs) అనే శ్రమ కొలత (బ్రూస్‌లో మూడో దశ పూర్తయితే సుమారు 10 మెట్స్)
- గరిష్ఠ గుండె వేగం, అది వయసు లెక్కలో ఎంత శాతం
- గరిష్ఠ బీపీ. పై బీపీని గుండె వేగంతో గుణిస్తే 20,000 నుంచి 25,000 పైన వస్తే శ్రమ సరిపోయినట్టు
- ఎందుకు ఆపారు: అలుపా, నొప్పా, కాళ్లనొప్పులా
- బొమ్మలు ఎన్ని సెకన్లలో తీశారు, ఎన్ని భాగాలు కనిపించాయి
- ఆ సమయానికి ఏ మందుల మీద ఉన్నారు

గుండె వేగం వయసు లెక్కలో 70 శాతం దగ్గరే ఆగిపోయి "నెగెటివ్" అని రాసి ఉంటే దాన్ని "తేలలేదు" అని చదువుకోవాలి. ఆ స్థితిలో ఏ గోడైనా చెడితే మాత్రం అది నిజమైన పాజిటివే, పైగా తక్కువ శ్రమకే చెడింది కాబట్టి ఎక్కువ పట్టించుకోవాలి. సెకన్లు రాయకపోతే అడగడం మీ హక్కు. కాగితంతోపాటు కదిలే బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఆగిపోయిన ఫోటోలు చూసి ఇంకో డాక్టరు ఏమీ చెప్పలేరు.

ఈసీజీ పాజిటివ్, ఎకో నార్మల్ అని రావడం ఆడవాళ్లలో, బీపీ వల్ల గుండె గోడ మందమైనవాళ్లలో తరచూ ఉంటుంది. వేగం చాలినంత వచ్చి, బొమ్మలు స్పష్టంగా ఉంటే ఎకో మాటకే ఎక్కువ విలువ. బొమ్మలు మసకైతే ఆ మాట చెల్లదు, సీటీ యాంజియో లాంటి ఇంకో దారి చూడాలి.

తప్పుడు పాజిటివ్‌కు ముఖ్యమైన కారణం నడుస్తుండగా బీపీ మరీ ఎగబాకడం, మగవాళ్లలో 210, ఆడవాళ్లలో 190 దాటడం. అంత ఒత్తిడికి నాళాలు బాగున్నా గోడ మందగించొచ్చు. కింది గోడ మొదలు భాగం ఒక్కటే మందగించినట్టు ఉంటే కూడా తొందరపడకూడదు, అక్కడ బొమ్మ సరిగ్గా రాక పొరబడడం ఎక్కువ. తప్పుడు నెగెటివ్‌కు ఆలస్యం, బీటా బ్లాకర్లతో పాటు ఒకే నాళంలో, ముఖ్యంగా సర్కమ్‌ఫ్లెక్స్‌లో ఉన్న అడ్డంకి, మందమైన గోడలతో ఉన్న చిన్న గుండె కారణమవుతాయి.

నడవలేనివాళ్లకు

మోకాళ్ల అరుగుదల, పక్షవాతం ఉన్నవాళ్లకు డోబుటమైన్ మందు ఎక్కిస్తూ చేస్తారు. శరీర బరువు కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, 3 నిమిషాలకోసారి 10, 20, 30, 40కి పెంచుతారు. వేగం అందకపోతే అట్రోపిన్ కొంచెం కొంచెంగా, మొత్తం 2 మి.గ్రా. దాటకుండా ఇస్తారు. దడ, వణుకు ఉంటాయి, మందు ఆపగానే తగ్గుతాయి. ఆ 60 సెకన్ల పరుగుపందెం ఇక్కడ ఉండదు, ప్రతి మోతాదులోనూ బొమ్మ తీయొచ్చు. పడుకుని తొక్కే సైకిల్ ఉన్నచోట కూడా అంతే, ఎక్కువగా 25 వాట్ల చొప్పున పెంచుతూ శ్రమ నడుస్తుండగానే చూడొచ్చు. తొడలు ముందే అలసిపోయి వేగం చాలకపోవడం దాని లోపం. నడవగలిగినవాళ్లు మందు పరీక్ష కోరుకోవద్దు. ఎంత శ్రమ తట్టుకున్నారన్నది నడకలోనే తెలుస్తుంది, ముందు ముందు గుండె ఎలా ఉంటుందో చెప్పడంలో అది ఎకో బొమ్మ అంత ముఖ్యం.

కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్లకు ఇదే పరీక్షను ఇంకో పనికి వాడతారు. కూర్చున్నప్పుడు ఒత్తిడి తేడా తక్కువే ఉన్నా ఆయాసం ఎక్కువగా ఉంటే, నడక తరువాత వాల్వు దగ్గర సగటు ఒత్తిడి తేడా 15 మి.మీ. (పాదరసం) దాటుతుందేమో చూస్తారు. అక్కడ గోడల బొమ్మలతో సమయం వృథా చేయకుండా డాప్లర్ (రక్తం పారే వేగం) కొలతలే మొదట తీయాలి. ఏ ప్రశ్నతో పంపుతున్నారో ఊరి డాక్టరు చీటీ మీద ఒక వాక్యం రాయకపోతే ఆ నిమిషం తప్పుడు కొలతలకు పోతుంది.

మళ్లీ చేయించుకునేటప్పుడు

స్టెంట్ వేసిన తరువాతో, లక్షణాలు తిరిగొచ్చినప్పుడో మళ్లీ చేస్తే పాతదానితో పోల్చుకోవాలి. అదే పద్ధతి, అవే మందుల స్థితి ఉండాలి, పాత పెన్‌డ్రైవ్ వెంట ఉండాలి. పోయినసారి మాత్ర మానేసి 9 నిమిషాలు, ఈసారి మాత్ర వేసుకుని 9 నిమిషాలు నడిచి "రెండూ ఒకటే" అనుకుంటే పొరపాటు. కొత్త లక్షణం లేకుండా ఏడాదికోసారి అలవాటుగా చేయించుకోవాల్సిన అవసరం చాలామందికి లేదు. లక్షణం వస్తే మాత్రం పాత నార్మల్ రిపోర్టు చూపించి ఆగిపోకూడదు, అది ఆ రోజు గుండె గురించి చెప్పింది.